కుక్కను ఎంచాల్సింది ముక్కు

రాజమండ్రి,
ఆదివారం

చిట్టితల్లీ శిరీషా,

మీ అత్తగారికేమో అలర్జీ, మీ బుజ్జిగాడికేమో కుక్క కావాలి అంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు చూశాను. ఆ షీట్జూ జాతి కుక్కపిల్ల ముద్దుగానే ఉంది, కాదనను. కానీ అడ్వాన్స్ మాత్రం ఇప్పుడే ఇవ్వకు. "వెంట్రుకలు ఊడని జాతి మేడం, అలర్జీ రానే రాదు" అని అమ్మేవాడు అన్నాడని చెప్పావు చూడు, 2010లో మాతోనూ అచ్చం అదే మాట అన్నారు. నమ్మి 18 వేలు పోసి పూడుల్ జాతి కుక్కను తెచ్చుకున్నాం. వారం తిరక్కుండానే మీ పెదనాన్నకు తుమ్ములు పట్టుకున్నాయి. పదో రోజుకల్లా రాత్రిళ్లు పిల్లికూతలు. ఇంట్లోకి కుక్క వస్తే ఆయన ఛాతీలో పిల్లి కూసిందని మేము నవ్వుకున్నాం గానీ, అది నవ్వుకునే సంగతి కాదు. నాలుగో నెలలో దాన్ని కాకినాడలో ఉన్న మా తోటి టీచరుకి ఇచ్చేశాం. మీ అక్క మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అక్కడ ఆ కుక్కా తినలేదని తర్వాత తెలిసింది.

అసలు ముక్కుకు పడనిది వెంట్రుక కాదమ్మా. కుక్క ఎంగిలిలో, చర్మం మీంచి చుండ్రులా రాలే పొట్టులో, మూత్రంలో కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. తిప్పలన్నీ వాటితోనే. కుక్క రోజంతా తన ఒళ్లు తనే నాక్కుంటుంది. ఆ ఎంగిలి ఎండి, పొట్టుతో కలిసి గాల్లో తేలుతుంది, పరుపుల్లోకీ బట్టల్లోకీ చేరుతుంది. బొచ్చు తక్కువ రాలితే సోఫా శుభ్రంగా ఉంటుందేమో గానీ ఎంగిలి ఎక్కడికి పోతుంది? 2011లో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు కుక్కలున్న 173 ఇళ్ల దుమ్మును పరీక్షించి చూశారు. అలర్జీ రాదని పేరుపడ్డ జాతులున్న ఇళ్లకీ మిగతా ఇళ్లకీ ఆ ప్రొటీన్ మోతాదులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మేము కొన్నాక ఏడాదికి వచ్చిన కబురు ఇది! ఒబామా పెద్దమ్మాయికి అలర్జీ ఉందని 2009లో వాళ్లు అలర్జీ రాదని పేరున్న పోర్చుగీస్ వాటర్ డాగ్ జాతి కుక్కను తెచ్చుకున్న వార్త చదివి, అమెరికా అధ్యక్షుడికే పనికొచ్చిన పద్ధతి మనకి పనికిరాదా అనుకున్నదాన్ని నేనే.

లాబ్రడూడుల్ అనే కుక్కను ఇప్పుడు వేలకు వేలు పెట్టి కొంటున్నారే, దాని కథ నీకు చెప్పాలి. హవాయిలో చూపులేని ఒకావిడకి గైడ్ డాగ్ కావాల్సి వచ్చింది. ఆమె భర్తకేమో కుక్కలు పడవు. ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ అనే ఆయన ఎన్నో పూడుల్స్‌ను పరీక్షించి, ఏదీ ఆ పనికి కుదరక, చివరికి లాబ్రడార్‌ను పూడుల్‌తో కలిపించాడు. 1989లో మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, ఎంగిలి నమూనాలు హవాయికి పంపితే ఆ భర్తకి పడింది ఒక్కదానిదే. దాని పేరు సుల్తాన్. ఒకే తల్లి, ఒకే ఈత, అయినా మిగతా రెండూ పనికిరాలేదు. జనం మాత్రం సుల్తాన్‌ని వదిలేసి జాతి పేరు పట్టుకున్నారు. ఆ జాతిని పుట్టించినందుకు కాన్రనే తర్వాత బహిరంగంగా బాధపడ్డాడు.

నేను చెప్పేది కూడా అదే. ఏ జాతి అని అడక్కు. ఈ కుక్క, మీ అత్తగారి ముక్కు, ఈ రెండింటికీ పడుతుందా లేదా, అది చూడు.

చూడటానికి ముందు ఆవిణ్ణి అలర్జీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. ఆవిడ ఇన్‌హేలర్ వాడుతున్నారో లేదో నువ్వు రాయలేదు. వాడుతుంటే డాక్టరు సరే అనేదాకా కుక్క మాటే ఎత్తకు. చర్మం మీద చిన్న చిన్న చుక్కలు వేసి గుచ్చి చూస్తారు, లేదంటే రక్తపరీక్ష చేస్తారు. ఆ గుచ్చే పరీక్షకి కొన్ని రోజుల ముందు నుంచే సెట్రిజిన్ లాంటి అలర్జీ మాత్రలు మానాలి. ఎన్ని రోజులో వాళ్లే చెబుతారు. మీ పెదనాన్నకి చేయించినప్పుడు తేలిందేమిటంటే, ఆయనకి కుక్క కంటే పరుపుల్లో ఉండే దుమ్ముపురుగులే అసలు పడవట. మా అత్తగారి కాలం నాటి దూది పరుపు మీదే ఇరవై ఏళ్లుగా పడుకుంటున్నారాయన. పరుపు మార్చి, దిండ్లకి జిప్ కవర్లు వేసి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకడం మొదలుపెట్టాక తుమ్ములు సగానికి సగం తగ్గాయి. ఆ పూడుల్‌ను పంపెయ్యకముందే ఈ పని చేసుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకొకటి అడుగు. కుక్క ప్రొటీన్లలో ఒకటి మగకుక్క ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తుంది. కొందరికి అది ఒక్కటే పడదు. అలాంటివాళ్లకి ఆడకుక్కతో ఇబ్బంది ఉండకపోవచ్చు. ఏ ప్రొటీనో విడివిడిగా చెప్పే రక్తపరీక్ష ఉంది, మీవైపు దొరుకుతుందేమో డాక్టరునే అడుగు. అంత పరీక్ష కుదరకపోయినా, మిగతావన్నీ సమానంగా ఉంటే నేనైతే ఆడదాన్నే తెస్తాను.

తర్వాత కుక్క దగ్గరికి మీరే వెళ్లండి. దాన్ని మీ ఇంటికి తెప్పించుకోవద్దు, పిల్లాడు ఒకసారి ఎత్తుకుంటే ఇక తిరిగి పంపలేవు. బుజ్జిగాణ్ణి మొదటి రెండు సార్లు అసలు తీసుకెళ్లకు. మీ అత్తగారు ఆ కుక్కతో తలుపులేసిన గదిలో గంటసేపు కూర్చోవాలి. నిమరాలి, అది చెయ్యి నాకితే నాకనివ్వాలి. (ఆవిడ ఎంగిలి పట్టింపు నాకు తెలుసు, ఆ ఒక్క రోజుకి బతిమాలు. కుక్క ఇంటికొచ్చాక మాత్రం ఆ పట్టింపే మందులా పనిచేస్తుంది.) ఆ రాత్రి దగ్గు, ఆయాసం, కళ్ల దురద ఉన్నాయేమో గమనించాలి, ఎందుకంటే కొందరికి అప్పటికప్పుడు తెలియదు. ఇలా వేర్వేరు రోజుల్లో నాలుగైదుసార్లు. అందుకే పిల్లకంటే ఎదిగిన కుక్క నయం. అది ఎలా ఉండబోతుందో కాదు, ఎలా ఉందో తెలుస్తుంది. అవన్నీ కుదిరాక, దిక్కులేని కుక్కల్ని సాకే షెల్టర్ వాళ్లెవరైనా ఓ మూడు వారాలు ఇంట్లో ఉంచుకుని చూడనిస్తే అంతకన్నా కావలసింది లేదు.

కష్టమంతా ఇంకోచోట ఉంది. మీ అత్తగారు నిజం చెప్పరు. మనవడి మొహం చూసి "నాకేం కాలేదమ్మా, తెచ్చుకోండి" అంటారు. మీ పెదనాన్న కూడా మీ అక్క కోసం నెల రోజులు నాకు తెలియకుండా మాత్రలు మింగారు. కాబట్టి ఆవిడ మాట వినకు, ఆవిడ రాత్రి ఎలా పడుకున్నారో చూడు. "వద్దు" అనే హక్కు ఆవిడదేనని పిల్లాడికీ మీ ఆయనకీ ముందే చెప్పు. ఆవిడ ఎదురుగానే చెప్పు.

కుదిరితే ఇంట్లో చెయ్యాల్సినవి పెద్ద కష్టమేం కాదు. ఆవిడ పడకగదిలోకి కుక్క ఏనాడూ అడుగుపెట్టకూడదు. పాపం అని ఒక్కరోజు రానిచ్చినా చాలారోజులు ఆ గదిలో దాని పొట్టు ఉంటుంది. పొద్దున్నే పనమ్మాయి చీపురు పట్టుకుంటే పొట్టంతా గాల్లోకి లేస్తుంది, ముందు తడిగుడ్డ పెట్టమను. కార్పెట్ తీసెయ్యి. ఏసీ ఫిల్టర్లు కడుగుతూ ఉండు. గాలి శుభ్రం చేసే మిషన్ కొంటే సన్నటి పొట్టును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదే కొను, కానీ అదొక్కటే కాపాడుతుందనుకోకు. కుక్కకి స్నానం చేయిస్తే ఆ ప్రొటీన్ తగ్గేమాట నిజమే గానీ రెండు మూడు రోజుల్లో మళ్లీ మామూలే. దువ్వడం, స్నానం, గోమార్లు ఏరడం మీ ఆయన పని, బాల్కనీలో. మీ అత్తగారిది కాదు.

ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కుక్క చిట్టి ఎలా వచ్చిందో నీకు తెలుసుగా. మా వీధి చివర మెకానిక్ షెడ్డు దగ్గర తిరిగే నాటుకుక్క. మీ పెదనాన్న రోజూ పేపర్ కోసం వెళ్లి అక్కడే అరగంట దాంతో ఆడుకునేవారు. రెండు నెలలు గడిచినా ఒక్క తుమ్ము లేదు. అప్పుడు గానీ నాకు తట్టలేదు, మేము తెలియకుండానే పరీక్ష చేసేశామని. టీకాలు వేయించి, ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చాం. తొమ్మిదేళ్లయింది. నాటుకుక్కలన్నీ ఇలాగే పడతాయని మాత్రం చెప్పను. చిట్టి పడింది, అంతే.

ఒకవేళ కుదరకపోతే ఎవరికివ్వాలో కూడా తెచ్చేముందే మాట్లాడి పెట్టుకో. మీ తమ్ముడికి ఇల్లూ పెరడూ ఉన్నాయి, వాణ్ణి అడుగు.

వచ్చే నెల పెళ్లికి హైదరాబాద్ వస్తున్నాను. ఆ షీట్జూ పిల్లను పెంచుతున్న ఇంటికి మీ అత్తగారూ నేనూ కలిసి వెళ్తాం, ఆవిడ పక్కన నేను కూర్చుంటాను. ఆ రోజు ముందుజాగ్రత్త అని ఆవిడ సెట్రిజిన్ వేసుకోకుండా చూడు, వేసుకుంటే మనకేమీ తెలియదు. ఇన్‌హేలర్ ఉంటే అది మాత్రం సంచిలో పెట్టు.

మీ పెద్దమ్మ