ఆ నీళ్ళు గోదారి కావురా

చిన్నోడా,

నిన్న సాయంత్రం మీ నాన్న వచ్చి చెప్పాడు, నువ్వూ నీ రూమ్మేట్లిద్దరూ జూన్ మొదటివారంలో కెనడాలో, ఒంటారియోలో ఉన్న క్వెటికో అడవి పార్కుకి వెళ్ళి, ఐదు రాత్రులు లేక్ ఒడ్డున టెంట్ వేసుకుని ఉంటారని. వాడి టెన్షన్ అంతా ఎలుగుబంట్ల గురించే. నా భయం వేరే. నీకు ఈత బాగా వచ్చు, అదీ నా భయం.

మీ మావయ్యా నేనూ ఆ వైపు ఊరే అయిన థండర్ బేలో 22 ఏళ్ళు ఉన్నాం. వెళ్ళిన రెండో ఏడు, మే నెలాఖరున, ఒక చిన్న లేక్‌లో నా కెనూ, అదే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, తిరగబడింది. ఒడ్డు 30 గజాల దూరం కూడా లేదు. రాజోలు దగ్గర వశిష్ఠలో దూకి లంక దాకా ఈదుకుంటూ పోయినదాన్ని, ఇదొక లెక్కా అనుకున్నాను. నీళ్ళలో పడగానే ఎగశ్వాస మొదలైంది. ఆపుదామన్నా ఆగదు, నోరు తెరిస్తే నీళ్ళు. లైఫ్ జాకెట్ ఉండబట్టి తల పైన నిలిచింది. ఒడ్డుకు చేరాక జాకెట్ బకిల్ తీసుకుందామంటే వేళ్ళు వంగలేదు. నా చెయ్యి నా కళ్ళముందే ఉంది, కానీ అది నాది కానట్టే ఉంది. రెండో కెనూలో వచ్చిన మీ మావయ్య ఆ బకిల్ తీసి, తడిబట్టలు విప్పించి, తన స్వెటర్ తొడిగాడు. మళ్ళీ మాట సరిగ్గా రావడానికి అరగంట పట్టింది.

మానిటోబా యూనివర్సిటీలో చలినీళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసర్ 1-10-1 అని ఒక లెక్క చెబుతారు. మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి. తర్వాత ఓ 10 నిమిషాలే చేతులూ కాళ్ళూ చెప్పినమాట వింటాయి. స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. అంటే చలినీళ్ళలో మనిషి ముందు పోగొట్టుకునేది ఈతనే. మన గోదారి పిల్లలకి ఇది ఒక పట్టాన ఎక్కదు. వరద గోదారిలో ప్రమాదం కంటికి కనిపిస్తుంది, ఎర్రనీళ్ళు, సుళ్ళు, కొట్టుకొచ్చే దుంగలు. అక్కడ లేక్ అద్దంలా ఉంటుంది. అందుకే కెనూ ఎక్కిన ప్రతిసారీ లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి. సీటు కింద పెట్టుకున్నది లేనట్టే లెక్క.

ఆ వైపు లేక్‌ల మీద మంచుగడ్డ ఏప్రిల్ ఆఖరుకో మే మొదట్లోనో గానీ కరగదు. జూన్ మొదటివారం అంటే అప్పటికి నెల పైచిలుకే అవుతుంది. నా మాట విని ఆగస్టు ఆఖరుకు మార్చుకో. ఇంకో కారణం కూడా ఉంది, బ్లాక్‌ఫ్లైస్ అని కుట్టే చిన్న నల్ల ఈగలు. మే ఆఖరు నుంచి జూన్ అంతా అవే. మన దోమల్లాంటివి కావు. పగలే వస్తాయి, జుట్టు మొదళ్ళలో, చెవుల వెనక, చొక్కా మణికట్టు దగ్గర దూరి కొరుకుతాయి. రక్తం కారేదాకా తెలియదు. ముదురు రంగు బట్టలంటే వాటికి ఇష్టం, లేతరంగువి వేసుకోవాలి. ఆగస్టు ఆఖరుకు అవి దాదాపు పోతాయి, దోమలూ పల్చబడతాయి, రాళ్ళ మీద ఇంకా బ్లూబెర్రీలు దొరుకుతాయి. ఏది మంచిదో నువ్వే చూసుకో.

తెడ్డు వెయ్యడం పొద్దున్నే ముగించండి. మధ్యాహ్నానికి గాలి లేస్తే పెద్ద లేక్‌లో అలలు కెనూ అంచు దాటి వస్తాయి. ఎప్పుడూ ఒడ్డు పట్టుకునే పొండి, లేక్‌ని నడిమధ్యన అడ్డంగా దాటొద్దు. మన పడవవాళ్ళు గాలి పడేదాకా రేవులోనే కూర్చునేవాళ్ళు కదా, అలాగే కూర్చోండి. అందుకని ఒకరోజు తిండి ఎక్కువే పెట్టుకోండి.

బట్టల విషయంలో కాటన్ వద్దు. జీన్స్ అసలు వద్దు. తడిస్తే ఆరవు, ఒంట్లో వేడంతా లాగేస్తాయి. ఉన్నిగానీ సింథటిక్‌గానీ వేసుకో. రాత్రి పడుకోవడానికి ఒక జత పొడిబట్టలు, ఉన్ని మేజోళ్ళు నీళ్ళు దూరని సంచిలో కట్టి పెట్టుకో, పగలు ఎంత తడిసినా దాన్ని ముట్టుకోకు. ఆగస్టులో కూడా కొన్ని రాత్రులు 5 డిగ్రీలకు పడిపోతుంది. చలేసిందని స్టవ్ మాత్రం టెంట్ లోపల వెలిగించొద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువుకి నిద్రలోనే ప్రాణం పోతుంది. మూత గట్టిగా ఉన్న సీసాలో వేడినీళ్ళు పోసి మేజోడులో దూర్చి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే తెల్లవారేదాకా హాయిగా ఉంటుంది.

ఇక మంట. అక్కడి నేల మన ఇసుకనేల కాదు. స్ప్రూస్, పైన్ చెట్ల ఆకు ఏళ్ళ తరబడి రాలి, కుళ్ళి, మందంగా పరుపులా ఉంటుంది. కొబ్బరి పొట్టు గుట్ట పైకి చల్లారినట్టే ఉండి లోపల రోజులకు రోజులు రాజుకోవడం నువ్వు చూసే ఉంటావు. ఆ నేల కూడా అంతే. నువ్వు కెనూ ఎక్కి వెళ్ళిపోయాక ఎప్పుడో పైకి లేచి అడవికి అంటుకుంటుంది. కాబట్టి ముందువాళ్ళు రాళ్ళు పేర్చి వాడిన చోటే, బండ మీదే మంట పెట్టు. ఒంటారియోలో ఫైర్ సీజన్ ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా. ఆ రోజుల్లో నిషేధం ఉందేమో కనుక్కుని బయల్దేరు. వానపడినా భయపడకు. కిందపడిన బర్చ్ చెట్టు బెరడు దొరికితే, కాగితంలా పొరలు ఊడదీసి అగ్గిపుల్ల చూపించు, అందులో నూనె ఉంటుంది, తడిసినా నల్లటి పొగతో చిటపటమని అంటుకుంటుంది. బతికున్న చెట్టు బెరడు ఒలవకు. ఆర్పేటప్పుడు నీళ్ళు పొయ్యి, కర్రతో కలుపు, మళ్ళీ పొయ్యి, అరచెయ్యి పెట్టి చూడు. వెచ్చదనం తగిలితే ఇంకా ఆరనట్టే.

మీ అమ్మ ఎండురొయ్యల పొడి, నెత్తళ్ళు పంపిందట. వాటిని ఇంట్లోనే వదిలేసి వెళ్ళు నాన్నా. ఆ వాసన ఎలుగుబంటికి ఎంతో దూరం నుంచే తెలుస్తుంది. ఆవకాయ కావాలంటే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చు. క్వెటికో లోపలికి గాజు సీసాలు, టిన్ డబ్బాలు తీసుకెళ్ళనివ్వరు. వేయించిన రవ్వ, అటుకులు, కందిపొడి చాలు. వంట టెంట్‌కి దూరంగా చేసుకుని, మిగిలిన తిండితోపాటు టూత్‌పేస్టు, సబ్బు కూడా ఒకే సంచిలో వేసి తాడుతో చెట్టుకు వేలాడదియ్యి. నేలకు 4 మీటర్లు పైన, మానుకు ఒకటిన్నర మీటరు దూరంగా ఉండాలి. టెంట్‌లో బిస్కెట్ ముక్క కూడా ఉండకూడదు. ఈ ఒక్కటీ చేస్తే ఎలుగుబంటి గోల దాదాపు ఉండదు.

లేక్ నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఒక నిమిషం కుతకుత మరిగించే తాగండి. దొడ్డికి వెళ్ళాలంటే లేక్ నీళ్ళకు 60 మీటర్లు ఎడంగా పోయి గొయ్యి తవ్వుకోండి. టెంట్ వేసేముందు తలెత్తి చూడండి, ఎండిన చెట్టుగానీ విరిగి వేలాడే కొమ్మగానీ ఉంటే అక్కడ వద్దు. వేళ్ళు లోతుకు పోని నేల అది, గాలికి చెట్లు ఇట్టే పడతాయి.

మొదటి రాత్రి లేక్ మీద ఎవరో ఆడమనిషి పొడుగ్గా ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది. అది లూన్ పక్షి. నేను మొదటిసారి విని మీ మావయ్య చెయ్యి పట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. ఇప్పుడు ఇక్కడ, మామిడిచెట్టు కింద మంచం వేసుకుని పడుకుంటే, ఆ కూత ఒక్కసారి వినాలనిపిస్తుంది.

అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. శాటిలైట్ మెసేజ్ పంపే పరికరం అద్దెకు దొరుకుతుంది, తప్పకుండా తీసుకో. ఏ లేక్ నుంచి ఏ లేక్‌కి, ఏ రాత్రి ఎక్కడ, ఏ రోజు ఎన్నింటికి బయటికొస్తారు, అంతా ఒక కాగితం మీద రాసి అక్కడ నమ్మకమైన ఒకరికి ఇవ్వు. ఆ టైం దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా అందులోనే రాయి. ఆ కాగితం ఫొటో నాకూ వాట్సాప్‌లో పంపు.

మీ అత్తయ్య