బండి సంగతులు: స్టీరింగ్ తిప్పితేనే మోగే హారన్

ప్రశ్న: అన్నా, మాది పరకాల. నా దగ్గర 2006 మోడల్ మారుతి ఓమ్ని ఉన్నది. స్టీలు సామాను ఏసుకొని రేగొండ, చిట్యాల, ములుగు దిక్కు అంగళ్లకు పోత. వానకాలం సంది హారన్ సతాయిస్తున్నది. బండి తిన్నగ పోతుంటే బటన్ ఎంత నొక్కినా పలకదు. స్టీరింగ్ కొంచెం ఎడమకు తిప్పితే మోగుతది. మెకానిక్ కొత్త హారన్ల జత ఏసిండు. కొన్ని దినాలు మంచిగనే మోగి మల్ల అదే కథ. ఇప్పుడు డ్యాష్‌బోర్డు మీద కాలింగ్ బెల్ స్విచ్ పెడత అంటుండు. పెట్టించుకోవాల్నా?

జవాబు: వద్దు తమ్మీ. పంట కోతల కాలంల నువ్వు తిరిగే రోడ్లు ఎట్లుంటయో నీకు తెల్వదా? సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తరు. కుప్ప ఎనకనుంచి పిలగాడు ఉరికొస్తే నీ బొటనవేలు తనంతట తనే స్టీరింగ్ నడిమికి పోతది. ఆ గడియల డ్యాష్‌బోర్డు మీద స్విచ్ ఎతుక్కునే టైం ఉండదు. పైగా ఆ స్విచ్‌లు ఇండ్లల్ల చిన్న గంట కోసం చేసినవి. రెండు హారన్ల బరువు మోయలేవు, లోపలి రేకులు కాలి అతుక్కుంటయి.

నీ హారన్లు మంచిగనే ఉన్నయి. హారన్ ముందు బంపర్ దగ్గర బోల్టుకు బిగిచ్చి ఉంటది. స్టీరింగ్ ఎటు తిరిగినా దానికి సంబంధం లేదు. తిప్పితే మోగుతున్నదంటే లోపం స్టీరింగ్ కింద, తిరిగే భాగానికి తిరగని భాగానికి కరెంటు అందే కాడ ఉన్నట్టు. అక్కడ ఒక ఇత్తడి రింగు, దాన్ని తాకుతూ స్ప్రింగు మీద నిలబడే చిన్న పిన్ను ఉంటయి. నువ్వు ఎక్కువ తిన్నగనే నడుపుతవు కాబట్టి పిన్ను రింగు మీద ఎప్పుడూ ఒకే జాగల ఆగి ఉంటది. అరుగుడు, కాలుడు అంతా ఆ జాగలనే. ఎడమకు తిప్పితే మంచి ఇత్తడి తగిలి మోగుతది.

అది ఎందుకు కాలిందో కూడా తెలుసుకో. లేకపోతే సాఫ్ చేసినా మల్ల కాలుతది. హారన్ లోపల కాయిల్ (రాగి తీగ చుట్ట), పలచని రేకు, చిన్న పాయింట్లు ఉంటయి. ఆ పాయింట్లు కరెంటును సెకనుకు కొన్ని వందల సార్లు తెంపి కలుపుతయి, రేకు అదిరి సప్పుడు వస్తది. కాయిల్ ఉన్న దాంట్ల కరెంటు తెగితే నిప్పురవ్వ లేస్తది. ఒక్కో హారన్ నాలుగైదు ఆంపియర్లు గుంజుతది. మధ్యల రిలే, అంటే చిన్న కరెంటుతోని పెద్ద కరెంటును కలిపే స్విచ్, లేకుంటే ఆ రెండింటి కరెంటు మొత్తం గోరంత పిన్ను మీదికెళ్లి పోవాలె. పిన్ను రింగు మీద సరిగ్గ ఆననప్పుడల్లా రవ్వ అక్కడనే లేస్తది. కొత్త జత పాతవాటి కంటె ఎక్కువ గుంజేదైతే పిన్ను ఇంకింత తొందరగ పోతది.

అనుమానం తీర్చుకోవాలంటే ముందు హారన్‌కు వచ్చే వైర్లు పీకి, ఫ్యూజు పెట్టిన వైరుతోని బ్యాటరీ ప్లస్, మైనస్ నేరుగ ఇయ్యి. గట్టిగ మోగితే హారన్ల మీద ఇంక పైసా పెట్టకు. హారన్ బాడీకే ఎర్త్ అయ్యే (బ్యాటరీ మైనస్ బండి ఇనుము మీదికెళ్లి అందే) రకమైతే బిగిచ్చిన బోల్టు కింద జంగు ఉన్నదా చూడు. వానకాలంల అక్కడికి బురద కొడతది. ఎమ్రీ పేపర్‌తో తళతళ మెరిసేదాక గీకి బిగియ్యి.

ఇగ అసలు పని. బ్యాటరీ మైనస్ తీసి పక్కకు పెట్టు. టైర్లు తిన్నగ నిలబెట్టు. హారన్ మూత కొన్నింటికి లాగితే వస్తది, కొన్నింటికి ఎనక స్క్రూలుంటయి. మూత తీసినంక స్టీరింగ్ మీద, దాన్ని మోసే షాఫ్టు (కడ్డీ) మీద ఒకే వరసల గుర్తు గీసుకొని, నడిమి నట్టు ఇప్పు. స్టీరింగ్ తీసినంక రింగు మీద నల్లగ ముద్దకట్టిన పాత గ్రీజు కనపడతది. పెట్రోల్ తడిపిన బట్టతోని తుడువు, సన్న ఎమ్రీతో పైపైన రుద్దు. పిన్ను నొక్కి వదిలితే చురుగ్గ పైకి రావాలె, రాకుంటే మార్చు. కొంచెం కొత్త గ్రీజు పూసి గుర్తుకు గుర్తు కలిపి బిగియ్యి. నడిమి నట్టు చేతికి తెలిసినోడే బిగియ్యాలె. ఆ నట్టు లూజైతే బండి నీ చేతుల ఉండదు. నమ్మకం లేకుంటే ఆటో ఎలక్ట్రీషియన్‌తోనే చేయించి దగ్గర నిలబడు. నీ పాత ఓమ్నిల ఎయిర్‌బ్యాగ్ లేదు కాబట్టి ఇంత చెప్తున్న. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి స్టీరింగ్‌ను మాత్రం ఎవ్వరూ ఇంట్ల ఇప్పొద్దు.

సాఫ్ చేసినంక నాలుగు కాళ్ల రిలే తప్పక పెట్టించు. దాని కాళ్ల కాడ నంబర్లు రాసి ఉంటయి: 30కి బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతోని వైరు, 87 నుంచి హారన్లకు, హారన్ల రెండో కొస బాడీకి. 86కు అదే ఫ్యూజు తర్వాత నుంచి ప్లస్, 85 పోయి స్టీరింగ్ బటన్ వైరుకు. బటన్ ఎర్త్ ఇచ్చే రకం బండికి ఇదీ కనెక్షన్. నీది అదేనా అని టెస్ట్ ల్యాంపుతోని (కరెంటు ఉన్నదా లేదా చూపే చిన్న బల్బు) చూసినంకనే కలపమను. ఇట్ల చేస్తే పిన్ను మీద రిలే కాయిల్‌కు కావాల్సిన పిసరంత కరెంటే పోతది, ఇగ కాలదు.

ఇంకో మాట. పనిల పని అని ప్రెషర్ హారన్, పాటల హారన్ పెడతనంటరు. ఒప్పుకోకు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్ల 119 కింద అవి నిషేధం. అంగడిల ముసలోళ్లు, సంక పిల్లలతోని తల్లులు బండి పక్కనుంచే నడుస్తరు, చెవుల కాడ ఆ మోత పెట్టుడు అన్యాయం.

ప్రశ్న: రాత్రి పార్క్ చేసిన వ్యాన్ హారన్ దానంతట అదే మోగుడు మొదలుపెట్టింది, ఆగలేదు. వాడంతా లేచింది. ఏం చేయాలె? (ఒక పాఠకురాలు, నర్సంపేట)

జవాబు: చెల్లే, ముందు హారన్ ఫ్యూజు పీకు. ఏ ఫ్యూజో మూత మీద బొమ్మ ఉంటది, పగలే చూసి పెట్టుకో. దొరకకుంటే బ్యాటరీ మైనస్ తీసెయ్యి. తెల్లారి ఫ్యూజు పెట్టి, మోగుతుండంగనే రిలే గుంజి చూడు. గుంజినా ఆగకుంటే రిలే తర్వాత హారన్ దిక్కు పోయే వైరు చూడాలె. ఆగితే రిలే అతుక్కున్నదో, బటన్ వైరు తోలు లేచి స్టీరింగ్ ఇనుముకు తాకుతున్నదో తేల్చాలె. అదే రకం వేరే రిలే పెట్టు. మోగకుంటే పాతది చెడిపోయినట్టు, మల్ల మోగితే ఆ వైరు పట్టుకొని స్టీరింగ్ దాక పోవాలె.