బాలానగర్ టూల్ రూమ్‌లో పని దొరికింది, చేరొచ్చా?

డిప్లొమా పూర్తయింది, హైదరాబాద్ బాలానగర్‌లో ఒక టూల్ రూమ్‌లో (ఫ్యాక్టరీలకు కావలసిన అచ్చులు, పనిముట్లు చేసే చోటు) ఉద్యోగం వచ్చింది, కానీ అక్కడ ఫ్యాక్టరీలన్నీ మూతపడుతున్నాయని అందరూ భయపెడుతున్నారు, చేరి అక్కడే ఉండొచ్చా అని అడిగారు. చేరండి. అయితే కొన్ని చూసుకుని చేరండి.

మా ఇల్లు ఫతేనగర్, పని బాలానగర్. నాన్న కూడా ఇక్కడే ఒక చిన్న షెడ్డులో లేత్ మీద, అంటే ఇనుమును తిప్పుతూ చెక్కే మెషిన్ మీద పనిచేసేవారు. పెద్ద ఫ్యాక్టరీలకు జిగ్‌లు, ఫిక్చర్లు (తయారయ్యే భాగాన్ని కదలకుండా పట్టి ఉంచే సాధనాలు) చేసిచ్చే జాబ్‌వర్క్ అది. అప్పట్లో ఆ పనికి కొదవ లేదు. సనత్‌నగర్‌లో ఆల్విన్ ఫ్యాక్టరీ ఉండేది. 1942లో మొదలై బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, చివరికి చేతి వాచీలు కూడా తయారుచేసింది. ఇటు మందులు చేసే ప్రభుత్వ కంపెనీ ఐడీపీఎల్, ఆ పక్క మెషిన్లు చేసే హెచ్‌ఎంటీ. తొంభైల్లో ఒకదాని వెనుక ఒకటి దెబ్బతిన్నాయి. ఐడీపీఎల్ 1992లోనే ఖాయిలా పరిశ్రమగా, నష్టాల్లో ఉన్న కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్‌కు వెళ్లింది. పెద్దవాటికి ఆర్డర్లు తగ్గితే చిన్న షెడ్డుకు డ్రాయింగులే రావు. నాన్నకు వారంలో మూడు రోజులే పని దొరికేది. మిగతా మూడు రోజులు కూడా క్యారేజీ పట్టుకుని వెళ్లి, షెడ్డు ముందు అరుగు మీద కూర్చుని సాయంత్రం వచ్చేవారు. ఇంట్లో ఉంటే మాకు తెలిసిపోతుందని.

కాబట్టి "బాలానగర్ పనైపోయింది" అన్న మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పుడు నేనే నమ్మాను కూడా. కరెంటు ఉన్న రోజుల్లో రాత్రీ పగలూ మెషిన్లు నడిపి డెలివరీలు ఇచ్చాం. మా వరసలో రెండు షెడ్లకు అప్పుడు పడిన తాళాలు మళ్లీ తీయలేదు.

అయినా ఇక్కడ పని చావలేదు. పెద్ద ఫ్యాక్టరీల్లో చెయ్యి తిరిగినవాళ్లు బయటికొచ్చి ఒక లేత్, ఒక మిల్లింగ్ మెషిన్‌తో సొంతంగా మొదలుపెట్టారు. మందుల వైపు కూడా అంతే, డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో పెట్టిన అంజిరెడ్డి గారు అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. 1970 నుంచి బాలానగర్‌లోనే ఉన్న ఎంటార్ అనే కంపెనీ ఇస్రో రాకెట్ ఇంజిన్లకు భాగాలు చేస్తోంది. టూల్ డిజైన్ నేర్పే ప్రభుత్వ సంస్థ సీఐటీడీ 1968 నుంచి ఇక్కడే ఉంది. ఒక డైకి (లోహపు అచ్చుకు) గట్టిపడేలా హీట్ ట్రీట్‌మెంట్ కావాలన్నా, గ్రైండింగ్ కావాలన్నా, స్టీలు ముక్క కోయించాలన్నా టీవీఎస్ బండి మీద పెట్టుకుని తిరిగితే సాయంత్రానికి పని పూర్తవుతుంది. ఈ సౌకర్యం ఒక్క రోజులో వచ్చింది కాదు.

నాకు పని నేర్పిన ఉస్తాద్ మొదటి నెలంతా నన్ను మెషిన్ ఆన్ చేయనివ్వలేదు. లేత్‌కు ఉండే నాలుగు దవడల పట్టు, అంటే చక్‌లో జాబ్ (చెక్కాల్సిన ముక్క) బిగించడం, కొలత చూపే డయల్ పెట్టి చేత్తో తిప్పుతూ ముల్లు ఎంత ఊగుతుందో చూడటం, ఒక దవడ వదులు చేసి ఎదుటిది బిగించడం. అంతే, పొద్దంతా అదే. ముల్లు ఊగడం ఆగాక ఆయన వచ్చి అంతా విప్పేసి "మళ్లీ" అనేవారు. ఏడుపొచ్చేది. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్ మీద ప్రోగ్రామ్ రాస్తున్నా నా అన్నం ఆ నెల పెట్టిందే. మీకు అలా నేర్పేవాళ్లు దొరికితే మొదటి రెండేళ్లు జీతం కొంచెం తక్కువైనా వదులుకోవద్దు.

ఇక జాగ్రత్తలు. నేను పనిచేసిన ఒక షెడ్డులో రెండేళ్లు జీతంలోంచి పీఎఫ్ కోశారు, ఖాతాలో మాత్రం ఒక్క రూపాయి జమ కాలేదు. అడిగితే రేపు మాపు అన్నారు. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆ డబ్బు వస్తుందని లెక్కేసుకుని, చివరికి వడ్డీకి తెచ్చాను. మీరు పీఎఫ్ ఖాతాకు ఇచ్చే యూఏఎన్ నంబరు మొదటి నెలలోనే అడగండి, పాస్‌బుక్ ప్రతి నెలా ఫోన్లో చూసుకోండి. దెబ్బ తగిలితే వైద్యానికి పనికొచ్చే ఈఎస్ఐ కార్డు కూడా అడగండి. వేళ్లతో చేసే పని ఇది, కార్డు లేకుండా మెషిన్ దగ్గర నిలబడొద్దు.

రెండోది, షెడ్డు ఓనరుదా, అద్దెదా కనుక్కోండి. ఇక్కడ మెషిన్ కంటే దాని కింది నేలకే ఎక్కువ ధర పలుకుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇళ్లకు, ఆఫీసులకు మార్చుకునే వీలు కల్పిస్తూ 2025లో ప్రభుత్వం విధానం కూడా తెచ్చింది. షెడ్డు అమ్ముడుపోతే పని ఊరి బయటికి పోతుంది. అందుకే ఈ ఉద్యోగాన్ని నమ్ముకుని ఇప్పుడే ఫ్లాటు లోను పెట్టుకోకండి, అద్దెకు ఉండండి. ఫతేనగర్, చింతల్, మూసాపేట వైపు బ్యాచిలర్లకు గదులు దొరుకుతాయి. మెట్రో దగ్గర. రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి కర్రీ పాయింట్లు మూసేస్తారు, బియ్యం, కుక్కరు మాత్రం తెచ్చుకోండి.

చేరేముందు ఒక్కసారి షెడ్డు లోపలికి వెళ్లి చూడండి. కొత్త మెషిన్లు ఎన్నున్నాయని లెక్కపెట్టకండి. కొలతలు చూసే చదునైన బల్ల, సర్ఫేస్ ప్లేటు దగ్గరికి వెళ్లండి. దాని మీద గుడ్డ కప్పి, పక్కన మైక్రోమీటర్లు పెట్టెల్లో సర్ది ఉంటే కళ్లు మూసుకుని చేరండి. టీ గ్లాసులు పెట్టి ఉంటే వేరే చోట వెతుక్కోండి.