పెరటిలో రాయి ఎంత, మట్టి ఎంత?

ప్రశ్న: బెంగళూరు సర్జాపుర రోడ్డు దగ్గర 40×60 స్థలంలో దక్షిణముఖంగా రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాము. వాయవ్య మూల సామాన్ల గది పోను, వెనుక 30 అడుగుల వెడల్పు, 16 అడుగుల లోతున పెరడు మిగిలింది. బురద బాధ లేకుండా మొత్తం ఇంటర్‌లాక్ టైల్స్ పరిచి చుట్టూ కుండీలు పెడదామని మావారు అంటున్నారు. మా అత్తగారు తులసికోట, కరివేపాకు చెట్టు, నాలుగు పూలమొక్కలు కావాలంటున్నారు. పిల్లలకు పచ్చగడ్డి కావాలట. ముందు టైల్స్ వేసేద్దాం, మొక్కల సంగతి తర్వాత చూసుకోవచ్చని కాంట్రాక్టరు సలహా. ఏది ముందు చేయించాలి, ఏది ఎంత ఉండాలి?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ కాంట్రాక్టరు చెప్పిన వరుసను తిరగేయండి. పెరటి పనిలో మొదట తేల్చుకోవలసింది వాన నీరు ఎటు పోతుందన్నది, ఆ తర్వాత ఎండ ఎక్కడ పడుతుందన్నది. రాయి, మొక్క అనే ఎంపిక ఈ రెండింటి తర్వాతనే వస్తుంది. ఈ మాట నాకు అనుభవం మీద తెలిసింది. మా ఇంటి వెనుక ఒకప్పుడు గోడ నుంచి గోడ దాకా సిమెంటు చప్టా పోయించాను. మేస్త్రీ వాలును ఇంటివైపు పెట్టాడని మొదటి పెద్దవాన నీరు వంటింటి గడప దాటినప్పుడు గాని నేను గమనించలేదు. రెండేళ్ల తర్వాత ఆ చప్టాను పగలగొట్టించడానికి అయిన ఖర్చును తలచుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టం ఉండదు.

మీ పెరడు 480 చదరపు అడుగులు. ఒక సాయంత్రం 5 సెంటీమీటర్ల వాన కురిస్తే ఆ మేరకే సుమారు 2,200 లీటర్ల నీరు పడుతుంది. డాబా మీది నీటి గొట్టాలు కూడా వెనక్కే దిగితే అంతకు కొన్ని రెట్లు వస్తుంది. మే నెలలోను, సెప్టెంబరు, అక్టోబరులలోను బెంగళూరులో అటువంటి వానలు అరుదు కావు. 2022 సెప్టెంబరులో మీ ప్రాంతం ఎలా మునిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు. నేలంతా మూసివేస్తే ఆ నీరు వీధిలోకో, పొరుగింటిలోకో, మీ గడపలోకో వెళ్లక తప్పదు. ఇదే ఊరిలో 2024 మార్చిలో తోటలకు తాగునీరు వాడకూడదని జలమండలి నిషేధం విధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించిన సంగతి కూడా గుర్తుంచుకోండి. సెప్టెంబరులో తరిమేసిన నీటికోసం మార్చిలో ట్యాంకరుకు ఫోను చేయవలసిన స్థితి రాకూడదంటే, పెరటిలో సగానికి పైగా మట్టి తెరిచి ఉండాలి.

కాబట్టి మొదటి పని వాలు. ఇంటి గోడ నుంచి ఉత్తరపు ప్రహరీ దాకా, 16 అడుగులకు 3 అంగుళాల వాలు చాలును; నడిచేవారికి తెలియదు, నీటికి తెలుస్తుంది. ఆ వాలు చివర ప్రహరీకి 3 అడుగులు ఎడంగా, ఇంటి పునాదికి వీలైనంత దూరంగా ఇంకుడు బావి తవ్వించి, సిమెంటు ఒరలు దింపించి, పైన బరువైన మూత వేయించండి. ఈ ఊరిలో 3 అడుగుల వ్యాసం, 20 అడుగుల లోతు వాడుకలో ఉన్న కొలత. 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన స్థలంలో కొత్తగా కట్టే ఇళ్లకు వాననీటి ఏర్పాటు 2009 నుంచి ఇక్కడ తప్పనిసరి గనుక, మీ ఇంటి ప్లానులో ఇప్పటికే ఏదైనా చూపించారేమో సరిచూసుకోండి. ఇక్కడ తరతరాలుగా బావులు తవ్వుతున్న మన్ను వడ్డర్లలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు. పని చెప్పేటప్పుడు భాష అడ్డు రాకపోవచ్చు, నేల గుణం గురించి వారు చెప్పేది వినడం కూడా మంచిది. బట్టలుతికే సబ్బునీటిని మాత్రం ఆ బావిలోకి పోనివ్వకండి. దానిని మురుగు గొట్టంలోకి కలపాలి.

ఇక ఎండ. మీరు ఇల్లు దక్షిణముఖమని రాయడం వల్ల పిల్లల కోరికకు సమాధానం సులువైంది, సంతోషకరం మాత్రం కాదు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జూన్‌లో మధ్యాహ్నపు సూర్యుడు కొంచెం ఉత్తరానికి ఉంటాడు గనుక మీ పెరడంతా ఎండ కాస్తుంది. డిసెంబరులో అతడు దక్షిణానికి వాలిపోతాడు, అప్పుడు 24 అడుగుల ఎత్తున్న ఇంటి నీడ నడిమధ్యాహ్నం కూడా దాదాపు 18 అడుగులు పడుతుంది, మీ పెరటి లోతు 16 అడుగులే. జూన్‌లో చూసి ముచ్చటపడి వేసిన గడ్డి చలికాలంలో పలచబడి, మట్టి బయటపడి, చివరకు మీవారు భయపడిన బురదే మిగులుతుంది. గరిక జాతి గడ్డికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. బఫెలో గ్రాస్ కొంత నీడను ఓర్చుకుంటుంది గాని నెలల తరబడి నీడలో అదీ నిలవదు. పిల్లలు ఆడుకోవడానికి ఒక మూల మెత్తటి ఇసుక గుంట ఇవ్వండి. ప్లాస్టిక్ గడ్డి నాకు నచ్చదు. అది ఎండలో కాలుతుంది, నీడలో పాచి పడుతుంది.

ఈ లెక్కలను నమ్మి ఊరుకోకుండా, ఒక సెలవురోజు ఉదయం 9 గంటలకు, మధ్యాహ్నం 12కు, 3కు ఎండ అంచుల మీద ముగ్గుపిండితో గీతలు గీయండి. అదే ముగ్గుతో రాళ్లు పరచదలచిన మేరను కూడా గీసి, వారం రోజులు ఆ గీతల మధ్యనే నడవండి. బట్టలు ఆరేయడానికి ఎటు వెళ్తున్నారో, కుర్చీ ఎక్కడ వేసుకుంటున్నారో మీ కాళ్లే చెబుతాయి.

రాతిపని 180 చదరపు అడుగులకు మించనవసరం లేదు. వంటింటి తలుపు ముందు 12×10 అడుగుల చదును, అక్కడినుంచి బట్టలుతికే రాతి దాకా 3 అడుగుల బాట, అంతే. ఇంటి గోడ వెంట ఒకటిన్నర అడుగుల ఎత్తున అరుగు కట్టిస్తే విడిగా కుర్చీలు అక్కరలేదు. రాయి విషయంలో మన ప్రాంతపు మమకారాన్ని కొంచెం పక్కన పెట్టవలసి ఉంటుంది. నున్నటి కడప నల్లబండ వేసవిలో అరికాలు మోపనివ్వదు, వానలో జారుతుంది. అరుగు మీద పరిచే పలకగా మాత్రం దానికి సాటి లేదు. పాలిష్ పట్టని తాండూరు బండ ఫరవాలేదు. అన్నిటికంటె, దేవనహళ్లి వైపు దొరికే సాదరహళ్లి బూడిదరంగు గ్రానైటును గరుకుగా కొట్టించి వాడుకోవడం మేలు. దూరం నుంచి మోయించనక్కరలేదు, ముసలివారి పాదాలకు పట్టు ఇస్తుంది.

ఆ రాళ్లను సిమెంటు మీద అతికించవద్దు. మట్టిని 8 అంగుళాలు తీసి, దిమ్మిస కొట్టి, 4 అంగుళాల కంకర, దానిపై అంగుళంన్నర రాతిపొడి పరచి, బండలను అర అంగుళం సందులతో పేర్చి, ఆ సందులను సన్నకంకరతో నింపితే నీరు రాళ్ల మధ్యనుంచే ఇంకుతుంది, ఎప్పుడైనా గొట్టం పగిలినా రెండు బండలు ఎత్తి చూసుకోవచ్చు. చదునుకూ మడికీ మధ్య రాతి అంచు తప్పనిసరిగా నిలబెట్టించండి. అది లేకపోతే వానకు మట్టి రాళ్ల మీదికి, రాతిపొడి మట్టిలోకి చేరతాయి, అప్పుడు తప్పు రాతిదా మట్టిదా అన్న తగవు ఇంట్లో మొదలవుతుంది.

మొక్కల మడులలో ఒక అడుగు లోతు తవ్వి చూడండి. కట్టుబడి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు తప్పక దొరుకుతాయి. వాటిని తీయించి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి నింపాలి. తులసికోటను ఈశాన్య మూలన కట్టించండి. తూర్పు సందులోనుంచి చలికాలపు ఉదయపుటెండ కాసేపైనా అందేది అక్కడే. అత్తగారి వాస్తుకూ అది సరిపోతుంది. కరివేపాకును ఉత్తరపు ప్రహరీ పక్కన, రాళ్లకు 5 అడుగుల ఎడంగా నాటండి, ఎందుకంటే దాని వేళ్లనుంచి పిలకలు లేచి బండల సందులలోనుంచి తలెత్తుతాయి. పారిజాతం, నందివర్ధనం కూడా అదే వరుసలో ఉంచవచ్చు. ఇంటి నీడ పడే మేరను నష్టంగా భావించకండి. పసుపు, అల్లం, సరస్వతి ఆకు, గోడకు పాకించిన తమలపాకు తీగ ఆ చల్లదనాన్నే కోరుకుంటాయి.

ప్రశ్న: మల్లేశ్వరంలో మాది పాత ఇల్లు. పెరటిలోని పెద్ద మామిడిచెట్టు చుట్టూ మట్టిపోసి ఎత్తుచేసి, మొదలు దాకా టైల్స్ వేయించి, గుండ్రని అరుగు కట్టించవచ్చునా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

సమాధానం: మొదలు దాకా టైల్స్ వేయించకండి, మట్టిపోసి ఎత్తూ చేయకండి. చెట్టుకు నీరు, గాలి అందించే సన్నవేళ్లలో ఎక్కువ భాగం పై ఒకటి రెండు అడుగుల మట్టిలోనే కొమ్మల మేర అంతటా పరచుకొని ఉంటాయి. మీరు పోసే మట్టి వాటికి గాలి ఆడనివ్వదు, మొదలు తడిగా ఉండి బెరడు కుళ్లుతుంది. చెట్టు వెంటనే చావదు. రెండు మూడేళ్లకు ఒక్కొక్క కొమ్మ ఎండుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. అరుగుకు పునాది తవ్వడం మరింత ప్రమాదం, పెద్దవేరు ఒక్కటి తెగినా గాలివానకు చెట్టు ఒరగవచ్చు. మొదలు చుట్టూ కనీసం 5 అడుగుల మేర ఎండుటాకులు కప్పి వదిలివేసి, దాని వెలుపల నాలుగు రాతి దిమ్మెలను నేల మీదనే పెట్టి, వాటిపై పొడవాటి బండలు ఆనించండి. కూర్చునే సుఖం అంతే ఉంటుంది.

ప్రశ్న: మా పెరటి తాండూరు బండల మీద వానాకాలం పాచి పడుతోంది. యాసిడ్‌తో కడగమంటున్నారు.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: యాసిడ్ వాడకండి. తాండూరు, కడప, షాబాదు బండలు సున్నపురాళ్లు. యాసిడ్ పడితే పొంగి, పై పొర కరిగి గుంటలు పడతాయి, మరుసటి ఏడు పాచి ఆ గుంటలలోనే ముందుగా పడుతుంది. గట్టి బ్రష్షుతో, బట్టలసోడా కలిపిన వేడినీటితో రుద్దించండి. ఆ నీరు మొక్కల పాదుల్లోకి పోకుండా చూసుకోండి. ఆ తర్వాత పైనున్న కొమ్మలలో రెండు నరికించి ఎండ రానివ్వండి, నీరు నిలిచే బండ ఏదైనా ఉంటే ఎత్తి మళ్లీ వాలు సరిచేయించండి.