ఎన్‌క్రిప్షన్ చదివితే ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. క్రిప్టోగ్రఫీలో ఎంటెక్ చేస్తానంటోంది. వాట్సాప్‌లో మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలని మన ప్రభుత్వం అంటోంది. విదేశాల్లోనూ ఎన్‌క్రిప్షన్ మీద చట్టాలు వస్తున్నాయట. రేపు ప్రభుత్వాలే వద్దంటే ఈ చదువు ఏమైపోతుందని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి, గాజువాక

జవాబు: పంపినవాళ్లూ అందుకునేవాళ్లూ తప్ప ఇంకెవరూ చదవలేకుండా సమాచారాన్ని రహస్య రాతగా మార్చడమే ఎన్‌క్రిప్షన్, ఆ పద్ధతుల శాస్త్రం క్రిప్టోగ్రఫీ. ఎన్‌క్రిప్షన్‌ను ఎవరూ తీసెయ్యలేరండీ. పూర్ణా మార్కెట్‌లో మీరు ఫోన్‌తో కట్టే డబ్బు భద్రంగా చేరేది దాని వల్లే. ప్రభుత్వాలు దాన్ని పూర్తిగా వద్దనడం లేదు, తమ కోసం ఒక దొడ్డిదారి ఉంచమంటున్నాయి. చిక్కంతా అక్కడే. ఆ దారి పోలీసుకైతే తెరుచుకో, దొంగకైతే మూసుకో అంటే లెక్కలు వినవు. 2024లో అమెరికాలో చైనా హ్యాకర్లు టెలికాం కంపెనీల్లోకి చొరబడి, కోర్టు అనుమతితో ఫోన్లు వినడానికి పెట్టిన వ్యవస్థల దాకా వెళ్లారు.

ఇది నాయకుల తలకెక్కడం కష్టంగానే ఉంది. 2017లో ఆస్ట్రేలియా ప్రధాని మాల్కం టర్న్‌బుల్, గణిత సూత్రాలు మెచ్చుకోదగ్గవే గానీ ఆస్ట్రేలియాలో చెల్లేది ఆస్ట్రేలియా చట్టమేనన్నారు. ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారాన్ని చూడటానికి కంపెనీలు ప్రభుత్వానికి సాయపడాలనే చట్టం మరుసటి ఏడాదే అక్కడ వచ్చింది. మనమూ తక్కువ తినలేదు. 2015లో మన ముసాయిదా విధానం, ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారం అసలు ప్రతిని 90 రోజులు దాచుకోవాలంది. గోల కావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. మీరు చెప్పిన మెసేజ్ సంగతి 2021 ఐటీ నిబంధనల్లోది. అలా చెప్పాలంటే ఎన్‌క్రిప్షన్‌ను విరగ్గొట్టాలంటూ వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 2017లోనే తేల్చింది కాబట్టి ఈ వాదన ఇప్పట్లో తెగేది కాదు.

నాయకులకు తెలియదని నవ్వుకోవడం తేలికే. పిల్లల మీద జరిగే నేరాలను పట్టుకోవాలన్న వాళ్ల బాధ మాత్రం నిజం. ఫలానా పద్ధతి ఎందుకు కుదరదో, బదులు ఏం చేయొచ్చో ఫైలు రాసే అధికారికి అర్థమయ్యేలా చెప్పే మనుషులే తక్కువ. మీ అమ్మాయికి అక్కడ చోటుంది. కాకపోతే అలాంటి విధాన ఉద్యోగాలు కొన్నే, జీతాలూ మొదట్లో అంతంతమాత్రమే. ముందు ఇల్లు గడిపేది సాంకేతిక ఉద్యోగమే.

అది దొరుకుతుంది. ఇప్పటి ఎన్‌క్రిప్షన్‌లో కొంత భాగాన్ని రేపు ఛేదించగలవని భయపడుతున్న కొత్త రకం యంత్రాలు క్వాంటం కంప్యూటర్లు. వాటిని తట్టుకునే కొత్త ఎన్‌క్రిప్షన్ ప్రమాణాలు మూడింటిని అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. బ్యాంకులు, పేమెంట్ కంపెనీలు పాత పద్ధతులను మార్చుకోవాల్సిందే, అది ఏళ్ల తరబడి సాగే పని. మన డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలకు కంపెనీలకు 18 నెలల గడువిచ్చారు. ప్రభుత్వానికి మినహాయింపులు ధారాళంగా ఇచ్చిన చట్టమది, నాకు నచ్చని సంగతి. అయినా ప్రైవసీ పని తెలిసినవాళ్లకు గిరాకీ పెరుగుతుంది.

ఎంటెక్‌కు నా మొదటి ఎంపిక కోల్‌కతా ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లోని క్రిప్టాలజీ అండ్ సెక్యూరిటీ కోర్సు. లెక్కలు గట్టిగా రాకపోతే అక్కడ నెగ్గడం కష్టం. గేట్ రాస్తే ఐఐటీల దారీ ఉంటుంది. ద్వారకానగర్ బోర్డుల మీద కనిపించే మూడు నెలల ఎథికల్ హ్యాకింగ్ సర్టిఫికెట్లకు మాత్రం డబ్బు పోయకండి, అవి ఈ చదువు కాదు. చట్టం వైపు మనసుంటే బీటెక్ తర్వాత లాసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు. కానీ ఎంటెక్ అయ్యాకే. లెక్కలు తెలిశాక చట్టం చదువుకోవచ్చు, తిరగేసి చేసినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

ఈ సెలవుల్లో ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో నంబర్ థియరీ (అంకెల గణితం), క్రిప్టోగ్రఫీ పాఠాలు ఉచితంగా వినమనండి. కోడ్ రాయడం కన్నా లెక్కల రుజువుల దగ్గర ఎక్కువసేపు కూర్చుంటోందేమో గమనించండి. అలా కూర్చుంటే ఐఎస్‌ఐకి తయారవనివ్వండి. రుజువులు విసుగనిపిస్తే ఎంటెక్ ఆత్రం వద్దు, సెక్యూరిటీ ఇంజినీరుగా రెండేళ్లు పనిచేశాక ఆలోచించవచ్చు.