ఇంటిస్థలం పంపకం వేరు, ప్లాను అనుమతి వేరు

ప్రశ్న: ఒడిశాలోని బరంపురంలో అంకులి వైపు మా నాన్నగారి పేరున 14 డెసిమళ్ళ (డెసిమలు అంటే ఎకరంలో నూరోవంతు) ఇంటిస్థలం ఉంది. వీధివైపు ముఖం సుమారు 70 అడుగులు, లోతు 87 అడుగులు. నాన్నగారు, అమ్మ ఇద్దరూ కాలం చేశారు. స్థలాన్ని నాలుగు ప్లాట్లు చేసి, ముందు రెండూ మా అన్నయ్యలు ఉంచుకొని, వెనుక రెండూ అమ్మి ఆ సొమ్ము నా వాటాగా ఇవ్వాలని ముగ్గురం అనుకున్నాము. వెనుక ప్లాట్లకు చూపిన 8 అడుగుల దారి చాలదనీ, మురుగునీరు ఎటు పోతుందో చూపలేదనీ ప్లాను అనుమతి ఇచ్చే కార్యాలయం నుంచి ప్లాను తిరిగి వచ్చింది. పంపకం దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటే ఆ తరువాత ఎవరూ అడగరని మధ్యవర్తి చెబుతున్నాడు. అలా చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, ఆ మాట నమ్మి అడుగు వేయకండి. పంపకం దస్తావేజు మీ ముగ్గురిలో ఎవరి హక్కు ఎంతవరకు అన్నది తేలుస్తుంది గాని, వెనుక ప్లాటులో ఇల్లు కట్టుకోవడానికి తగిన దారి ఉందని తేల్చదు. రేపు వెనుక ప్లాటు కొన్నవారు ఇంటి ప్లాను పట్టుకొని అదే కార్యాలయానికి వెళితే, మీకు వచ్చిన అభ్యంతరమే వారికీ ఎదురవుతుంది. అప్పటికి వారి సొమ్ము మీ చేతిలో, వారి దారి మీ అన్నయ్యల ప్రహరీల మధ్య ఉంటాయి. బరంపురం శివార్లలో ఇరుగుపొరుగు తగాదాలకు ఇలాంటి దారులే మూలమవుతున్నాయని నా అభిప్రాయం.

కార్యాలయం అడిగిన రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. 8 అడుగుల దారిలో అగ్నిమాపక వాహనం లోపలికి రాలేదు. మురుగు విషయం అంతకంటే ముఖ్యం. నాలుగు ఇళ్ళ నీరు వీధి కాలువకు చేరే వాలు ప్లానులో లేకపోతే, అది వానాకాలంలో పల్లంలో ఉన్న పొరుగువారి గుమ్మంలోకే పోతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు కూలిన చెట్లూ స్తంభాలూ దారులను ఎలా మూసివేశాయో చూసినవారికి ఇరుకు సందు అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. డెసిమలు అంటే 435.6 చదరపు అడుగులు. మీ స్థలం దాదాపు 6,100 చదరపు అడుగులు. వెనుక ప్లాట్లకు 20 అడుగుల దారి స్థలం సగం లోతు వరకు వేస్తే, 870 చదరపు అడుగులు, అంటే దాదాపు 2 డెసిమళ్ళు, దారికే పోతాయి. దానికి బదులు స్థలాన్ని నిలువునా మూడు పట్టీలుగా చేస్తే ఒక్కొక్కటి 23 అడుగుల ముఖంతో 4.66 డెసిమళ్ళు వస్తుంది, మూడూ వీధికే తెరుచుకుంటాయి, లోపలి దారి అవసరమే ఉండదు. ఇరుపక్కలా ఖాళీ వదలాలి గనుక ఇల్లు సన్నగా వస్తుందన్న మాట నిజమే. అయినా నాకు ఇదే మేలనిపిస్తోంది, ఎందుకంటే ఇందులో మీకు దక్కేది అమ్ముడుపోతే వచ్చే సొమ్ము కాదు, మీ పేరున ఉండే నేల. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం సవరణ ప్రకారం ఉమ్మడి ఆస్తిలోనూ కూతురికి కొడుకుతో సమానమైన హక్కు ఉంది. ఎవరి దయా అక్కరలేదు.

అన్నయ్యలు నాలుగు ప్లాట్లే కావాలంటే మరొక సంగతి ఉంది. భూమిని ప్లాట్లుగా విడగొట్టి అమ్మే పథకం 500 చదరపు మీటర్లు దాటితే, ప్రకటన ఇవ్వకముందే, అడ్వాన్సు తీసుకోకముందే దానిని ఒడిశా రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు చేయించాలి. మీ స్థలం మొత్తం సుమారు 566 చదరపు మీటర్లు కనుక వకీలుకు కాగితాలు చూపించకుండా ఎవరి దగ్గరా సొమ్ము పుచ్చుకోకండి.

పని ఈ వరుసలో నడిపించండి. ముందు ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో పట్టా తీసి, కిసం (భూమి రకం) ఘరబారి, అంటే ఇంటిస్థలం, అని ఉందో లేదో చూడండి. ఇంకా సాగుభూమిగానే ఉంటే తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8ఎ కింద మార్పు కోరాలి. ఆ తరువాత అమీన్‌తో (భూమి కొలిచే ఉద్యోగితో) కొలిపించి హద్దురాళ్ళు వేయించండి, ఎందుకంటే కాగితం మీది 70 అడుగులు నేల మీద 67 అయితే పట్టీల లెక్క అంతా మారిపోతుంది. సవరించిన ప్లానులో కాలువ వాలును బాణం గుర్తులతో చూపించండి. ముగ్గురూ ఒప్పుకున్నారు గనుక పంపకాన్ని రిజిస్టరు దస్తావేజుతోనైనా, భూసంస్కరణల చట్టం 19వ సెక్షను కింద రెవెన్యూ అధికారి ఉత్తర్వుతోనైనా పూర్తి చేసుకోవచ్చు. మ్యుటేషన్ (రికార్డుల్లో పేర్ల మార్పు) అయి మూడు ఖాతాలూ వేరుపడేదాకా పని ముగిసినట్టు కాదు.

ప్రశ్న: మా తాతగారి తెలుగు దస్తావేజులో స్థలం సెంట్లలో ఉంది. హైదరాబాదులో ఉన్న తమ్ముడు గుంట అంటే 121 గజాలంటాడు, ఇక్కడివారు ఒప్పుకోరు. ఏది సరి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: ఇద్దరిదీ సరే. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఒడిశాలో 25. అందువల్ల ఇక్కడి గుంట 4 డెసిమళ్ళు, అంటే 193.6 గజాలు. సెంటూ డెసిమలూ ఒకే కొలత కనుక తాతగారి లెక్కను మార్చే పనిలేదు. 1936 ఏప్రిల్ 1కి ముందు మీ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి అలాంటి కాగితాలు చాలా ఇళ్ళలో ఉన్నాయి. హక్కు పరంపరకు అవి విలువైన ఆధారం. పంపకం దస్తావేజులో మాత్రం గుంట అని రాయించకండి, డెసిమళ్ళూ చదరపు అడుగులూ రాయించండి.

ప్రశ్న: రాయగడలో విభజించిన ఇంటిస్థలం ఒకటి తక్కువ ధరకు వస్తోంది. ప్లాను అనుమతి ఉందంటున్నారు. కొనవచ్చునా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1956 నాటి 2వ రెగ్యులేషన్ అడ్డుకుంటుంది, దానిని ఉల్లంఘించి జరిగిన బదిలీ చెల్లదు. ప్లానుకు అనుమతి ఉన్నంత మాత్రాన ఈ లోపం తీరదు. అమ్మేవారి పేరు ఒక్కటే చూడకుండా, ఆ ఖాతా పూర్వం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తహసీలు రికార్డుల్లో వెనక్కి వెతికించండి. గిరిజన కుటుంబం పేరు కనిపించి, బదిలీకి చెల్లుబాటయ్యే అనుమతి కనిపించకపోతే ఆ స్థలం వదిలివేయండి.