స్కాన్‌లో ఏమీ లేదు, మరి స్కిజోఫ్రెనియా అని ఎలా తేల్చారు?

మీ తమ్ముడి రక్తపరీక్షలు, ఎంఆర్‌ఐ అన్నీ నార్మల్‌గా వచ్చినా డాక్టర్ స్కిజోఫ్రెనియా అన్నారు, ఊరికే అంచనాగా చెప్పేశారా, ఇది మా పెంపకం లోపమా అని అడిగారు. రెండూ కావు. నేను డాక్టర్ని కాను గానీ మా అన్నయ్యకి ఇదే జబ్బు, ఏళ్ల తరబడి పక్కనే ఉండి చూస్తున్నాను.

ఆ పరీక్షలు స్కిజోఫ్రెనియాని పట్టుకోవడానికి చేసేవి కావండీ, ఇంకేదీ కాదని తేల్చుకోవడానికి చేసేవి. థైరాయిడ్ తేడా, బీ12 లోపం, మెదడులో గడ్డ, మూర్ఛ, గంజాయి లాంటి మత్తు, వీటిలో దేనివల్లైనా మనిషి ఇలా మారిపోవచ్చు. మన ఇమ్యూనిటీయే మెదడు మీద దాడి చేసే ఒక రకం మెదడువాపు ఉంది, 2007లో బయటపడింది, మొదట్లో అచ్చం మానసిక జబ్బులాగే కనిపిస్తుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. కాబట్టి రిపోర్టులు నార్మల్ రావడం వల్ల డాక్టర్ మాట బలపడినట్టే.

ఆ తర్వాత చూసేది మాట, ప్రవర్తన, ఎంతకాలంగా ఉందన్నది. అమెరికా మనోవైద్యుల సంఘం జబ్బుల నిర్ధారణకి రాసిన పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం ఎంత చెప్పినా వదలని తప్పుడు నమ్మకాలు, లేని గొంతులు వినబడటం, పొంతన లేని మాటలు, అస్తవ్యస్తమైన ప్రవర్తన, మాటా ఉత్సాహం ముఖంలో భావం అన్నీ తగ్గిపోవడం, ఈ ఐదింట్లో కనీసం రెండు లక్షణాలు ఒక నెలపాటు ఉండాలి, అందులో ఒకటైనా మొదటి మూడింట్లోది కావాలి, మొత్తం తేడా కనీసం 6 నెలలుగా నడుస్తూ ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 మాత్రం నెల చాలంటుంది. మేనియా (పట్టలేని అతి హుషారు) గానీ డిప్రెషన్ గానీ ఉన్న రోజుల్లో మాత్రమే ఇవి కనిపిస్తే, ఆ రెండింటి మధ్య మనసు ఊగిసలాడే బైపోలార్ లాంటివి ఆలోచిస్తారు. అందుకే చాలామంది డాక్టర్లు మొదట సైకోసిస్ (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి) అని మాత్రమే రాసి కొన్నాళ్లు ఆగుతారు, అది దాటవేత కాదు.

అన్నయ్యని డాక్టర్ అడిగిన ప్రశ్న ఒకటి నాకు బాగా గుర్తు. ఆ గొంతులు మీతో మాట్లాడతాయా, మీ గురించి వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారా అని. వాడు కాసేపు నేల చూసి, "వాళ్లలో వాళ్లే. నేను చేతులు కడుక్కుంటుంటే, అదిగో కడుక్కుంటున్నాడు అంటారు" అన్నాడు. మాకెవరికీ ఆ సంగతే తెలీదు! మేము చూసిందల్లా టీవీ ఎర్రలైటు మీద వాడు అంటించిన ప్లాస్టరూ, సగంలో ఆగిపోయే మాటలూ. కానీ అవి ఎప్పుడు మొదలయ్యాయో చెప్పింది మేమే, ఆ కాలం లెక్క డాక్టర్‌కి చాలా పనికొచ్చింది. మీరూ రాసి తీసుకెళ్లండి.

కారణాల సంగతికొస్తే, జన్యువుల పాత్ర పెద్దదే. మామూలుగా నూటికి ఒకరిలోపే వచ్చే జబ్బు, తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో దాదాపు పదిమందిలో ఒకరికి వస్తుంది. అయితే ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో ఒకరికి ఉన్నా రెండోవారికి రాకుండా ఉండటం మామూలే, అంటే జన్యువులే మొత్తం కథ కాదు. గర్భంలో పోషకాహార లోపం (1944-45 నెదర్లాండ్స్ కరువులో తల్లి కడుపులో ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కనిపించింది), కాన్పులో ఇబ్బందులు, కుర్రవయసులో గంజాయి కూడా ముప్పు పెంచుతాయి. జన్యువు కూడా ఒక్కటి కాదు, 2022లో వచ్చిన పెద్ద అధ్యయనం జన్యుపటంలో 287 చోట్లు చూపించింది. ఒక్కోదాని ప్రభావం చాలా చిన్నది కాబట్టి జన్యు పరీక్షతో తేల్చేయడం కుదరదు.

మెదడులో తేడాలు నిజమే, కొన్ని భాగాల్లో డోపమైన్ అనే, కణాల మధ్య సందేశాలు మోసే రసాయనం ఎక్కువ విడుదలవుతుంది, మందులు పనిచేసేది ఎక్కువగా దాని మీదే. మెదడులోని ద్రవపు గదులు కాస్త పెద్దవిగా ఉంటాయని 1976లోనే స్కాన్లలో చూశారు. కానీ అవన్నీ వందలమందిని పోల్చితే తేలే సగటు తేడాలు, ఒక్క మనిషి స్కాన్ పట్టుకుని అవునో కాదో చెప్పలేరు. మీ సందేహానికి అసలు జవాబు ఇదే.

పెంపకం అంటారా, ఒకప్పుడు మనోవైద్యులే తల్లుల మీద ఆ నింద వేశారు, అది ఎప్పుడో వీగిపోయింది. మీ అమ్మగారికి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

అనుమానం తీరకపోతే ఇంకో సైకియాట్రిస్ట్‌కి చూపించండి, తప్పు లేదు, ఈలోగా మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. రెండు రకాల మందులు సరైన డోసులో, తగినంత కాలం వాడినా ఫలితం లేకపోతే క్లోజపైన్ అనే మందు గురించి అడగండి. తెల్ల రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కనుక దానికి రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి, అయినా మిగతావి పనిచేయని చాలామందికి అది పనిచేస్తుంది.